తొమ్మిది జెట్లు, ఐదు హెలికాప్టర్లు

ఎయిర్ షో చూసొచ్చినవాళ్లని ఏం నచ్చిందని అడిగి చూడండి. నూటికి తొంభైమంది సూర్యకిరణ్ పేరే చెబుతారు. సారంగ్ మాట మనం ఎత్తితే, ‘ఆ, హెలికాప్టర్లు కూడా బాగానే తిప్పారు’ అని ఊరుకుంటారు. పత్రికల తీరూ ఇంతే. మర్నాడు మొదటి పేజీలో తొమ్మిది జెట్లు పొగ వదులుతూ వెళ్లే ఫొటో వస్తుంది. హెలికాప్టర్లకు లోపలి పేజీలో చోటు దొరికితే గొప్ప. పెళ్లి విందులో ఒకటి పూర్ణం బూరె, రెండోది పక్కన వేసే అప్పడం అన్నట్టు తయారైంది వ్యవహారం. ఈ తూకంలో తేడా ఉంది. వైమానిక దళానికి చెందిన ఈ రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి, కింద నిలబడి చూసేవాడి వైపు నుంచి ఓపిగ్గా బేరీజు వేస్తే, ప్రదర్శనగా సారంగ్‌దే పైచేయి. విద్యగా చూస్తే మాత్రం సూర్యకిరణ్ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో చెప్పాలని నా ప్రయత్నం.

సూర్యకిరణ్ పుట్టింది 1996లో, బీదర్‌లో. కర్ణాటక ఊరే అయినా జహీరాబాద్ దాటి కాస్త ముందుకెళ్తే వచ్చేస్తుంది. తొలి పదిహేనేళ్లు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారీ కిరణ్ మార్క్-2 విమానాల మీద ఎగిరింది. 2011లో ఆ విమానాలు కొత్త పైలట్ల శిక్షణకు అవసరమై జట్టునే పక్కన పెట్టారు. 2015లో హాక్ మార్క్-132 జెట్లతో తిరిగొచ్చింది. 2017 నాటికి మళ్లీ తొమ్మిది విమానాల జట్టయింది. అప్పటి కిరణ్ అయినా, ఇప్పటి హాక్ అయినా శిక్షణ విమానాలే. రాఫెల్, సుఖోయ్‌ల మాదిరిగా నేలను అదరగొట్టే ఇంజిన్ బలం వీటికి లేదు. కాబట్టి సూర్యకిరణ్‌లో యంత్రం గొప్పతనం వెతుక్కోనక్కర్లేదు. అక్కడున్నదంతా నడిపేవాళ్ల నేర్పే.

సారంగ్ కథ వేరు. 2003లో బెంగళూరులో ఏర్పడి, మరుసటి ఏడాది సింగపూర్ ఎయిర్ షోలో ఎగిరింది. దాని చేతిలో ఉన్నది ధ్రువ్, హెచ్‌ఏఎల్ రూపొందించిన హెలికాప్టర్. అప్పటికది కొత్తది. అదేం చేయగలదో నలుగురికీ చూపించాల్సిన పని ఆ జట్టు పుట్టుకలోనే ఉంది. తర్వాత మకాం కోయంబత్తూరు దగ్గరి సూలూరు స్థావరానికి మారింది. చాలాకాలం నాలుగు హెలికాప్టర్లతో ఎగిరిన జట్టు ఈమధ్య ఐదుకు పెరిగింది. ఎర్రటి ఒంటి మీద నెమలి బొమ్మ ఉంటుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2013 ఉత్తరాఖండ్ వరదల్లోనూ, 2018 కేరళ వరదల్లోనూ ఈ జట్టు ప్రదర్శనలు మాని సహాయ చర్యల్లోకి దిగింది. పండగపూట మనం చప్పట్లు కొట్టే చేతులే వరదల్లో జనాన్ని పైకి లాగాయి.

ఇక చూడటం దగ్గరికి వద్దాం. జెట్‌కు ఆగడం రాదు. గంటకు 600 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం సెకనుకు 167 మీటర్లు దాటేస్తుంది. ఒంటి బరువు నాలుగింతలైనట్టు పైలట్‌కు అనిపించేంత గట్టిగా వంచి తిప్పినా సరే, ఆ వేగంలో అది వెనక్కి మళ్లడానికి దాదాపు కిలోమీటరున్నర వెడల్పు జాగా కావాలి. ఒక్క విమానానికే ఇంత పడితే, ఒకదాని రెక్క పక్కన ఒకటి అంటిపెట్టుకున్న తొమ్మిదింటి సంగతి చెప్పేదేముంది? అవి ఇంకా మెల్లగా, ఇంకా వెడల్పుగా తిరగాలి. అందుకే జనం ముందు ఒక విన్యాసం ముగించుకుని వెళ్లిన జట్టు మళ్లీ వచ్చేదాకా ఆకాశం బోసిగా ఉంటుంది. పిల్లలు ‘అయిపోయిందా నాన్నా?’ అని అడిగేది ఈ ఖాళీలోనే.

శబ్దంతో ఇంకో చిక్కు. కిలోమీటరు దూరంలోని మోత మన చెవికి చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లలో జెట్ అరకిలోమీటరు ముందుకెళ్లిపోతుంది. మోత వినబడ్డ వైపు తలెత్తిన కొత్త ప్రేక్షకుడికి అక్కడ పొగ తప్ప ఏమీ దొరకదు. పక్కవాడు ‘అదిగో అదిగో’ అంటూ చూపించేసరికి సగం విన్యాసం చేజారిపోతుంది. అలవాటున్నవాళ్లు చెవిని నమ్ముకోరు. దూరంగా, చెట్ల తలల మీద, విమానాల దీపాలు చిన్న తెల్లటి చుక్కలుగా వెలిగే చోట చూపు నిలిపి ఉంచుతారు. మోత వినబడకముందే చుక్కలు కనబడతాయి, కాసేపటికి ఒక్కో చుక్కకూ రెక్కలు మొలుస్తాయి. సూర్యకిరణ్‌ను చూడటం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని ఎయిర్ షోకి మొదటిసారి వెళ్లే ప్రతివారికీ చెబుతుంటాను.

ఆకాశం బోసిపోయే ఇబ్బందిని సూర్యకిరణ్ తెలివిగా దాటుతుంది. మొదటి భాగంలో తొమ్మిదీ కలిసే తిరుగుతాయి. తర్వాత జట్టు చీలుతుంది. పెద్ద గుంపు దూరంగా తిరిగి వచ్చేలోపు రెండు విమానాల జోడీ ఖాళీని పూరిస్తుంది. నా దృష్టిలో ఈ ప్రదర్శనకు ప్రాణం ఈ జోడీయే. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి దూసుకొచ్చి సరిగ్గా జనం నడిమధ్యన ఒకదాన్నొకటి దాటుతాయి. రెండు వేగాలూ కలిస్తే సెకనుకు మూడొందల మీటర్లకు పైనే దగ్గరవుతాయన్నమాట. ఆ సమయంలో వాటి మధ్య పక్కకు కొంత ఎడం ఉంటుంది, మనం నిలబడ్డ కోణం ఆ ఎడాన్ని మింగేస్తుంది. గుద్దుకున్నాయేమోనని గుండె ఝల్లుమనేది అందుకే. అయితే మైదానం నడిమధ్యన నిలబడ్డవాడికి మాత్రమే ఆ కలయిక కచ్చితంగా కనబడుతుంది. అరకిలోమీటరు పక్కన ఉన్నవాడికి ఒకటి ముందు, ఒకటి వెనక వెళ్లినట్టుంటుంది. సూర్యకిరణ్ కొరియోగ్రఫీ అంతా ఒకే బిందువు దగ్గర నిలబడ్డ మనిషిని మనసులో పెట్టుకుని రాసిందని నాకు బలంగా అనిపిస్తుంది. ఆ బిందువు దగ్గర ఎప్పుడూ ప్రముఖుల కుర్చీలే ఉంటాయి.

సారంగ్‌కు ఈ బాధ లేదు. గంటకు 130 కిలోమీటర్ల వేగంలో, ఒక మోస్తరుగా ఒరిగి తిరిగే హెలికాప్టర్‌కు పావు కిలోమీటరు జాగా చాలు. ప్రదర్శన మొదలైంది మొదలు చివరిదాకా అది మన చూపు దాటి పోదు. ఒక విన్యాసం తోక పట్టుకుని రెండోది వస్తుంది, మధ్యలో తెగదు. ఎడమ చివర ఉన్నవాడికీ, కుడి చివర ఉన్నవాడికీ వేరువేరుగానే అయినా ఏదో ఒకటి దక్కుతుంది. నడిమధ్య బిందువు మీద అది అంతగా ఆధారపడదు. చెట్టు కింద నిలబడ్డవాడికీ, ప్రహరీ గోడెక్కిన కుర్రాడికీ చెందే ప్రదర్శన అది.

దీనికి మించిన కారణం ఇంకోటుంది. హెలికాప్టర్ ఏం చేయబోతోందో మనకు ముందే తెలుస్తుంది. వేగం పెంచాలంటే ముక్కు దించుతుంది, ఆగాలంటే వెనక్కి వాలి పొట్ట చూపిస్తుంది, పక్కకు పోవాలంటే పైన తిరిగే రెక్కల పళ్లెం, అంటే రోటర్, అటు ఒరుగుతుంది. పైలట్ చేతిలోని ఆలోచన యంత్రం ఒంటి మీద కనబడుతుంది. ధ్రువ్‌లో ఇది మరీ స్పష్టం. దాని ప్రధాన రోటర్ నాలుగు రెక్కలనూ పాత హెలికాప్టర్లలోలా కీళ్లతో వేలాడదీయకుండా గట్టిగా బిగించారు. అందువల్ల పైలట్ చేతిలోని కర్ర ఇటు కదిపితే ఒళ్లంతా వెంటనే ఇటు కదులుతుంది. బరువైన యంత్రాల్లో ఉండే తాత్సారం దాన్లో లేదు. డాల్ఫిన్ లీప్ అనే విన్యాసంలో హెలికాప్టర్లు ముక్కులు పైకెత్తి లేచి, పైన ఒక్క క్షణం వేగమంతా పోగొట్టుకున్నట్టు తేలి, ముక్కులు దించి కిందికి జారతాయి. ఆ పైన తేలే క్షణం ఉందే, ఏ జెట్టూ మనకు అలాంటిది ఇవ్వలేదు. అన్నేసి టన్నుల బరువు అక్కడ ఆగిందని కంటికి తెలుస్తుంది, ఊపిరి బిగపట్టి చూస్తాం.

ఇప్పుడు సూర్యకిరణ్ వైపు నుంచి మాట్లాడాలి. కింద నుంచి కనబడని కష్టం దాన్లో ఎక్కువ. తొమ్మిది విమానాలు వజ్రం ఆకారంలో ఐదు మీటర్ల ఎడంతో బ్యారెల్ రోల్ కొడుతున్నప్పుడు దారి చూసుకునేది ఒక్క లీడరే. మిగతా వాళ్లెవరూ నేల వంక, ఆకాశం వంక చూడరు. పక్క విమానం మీద ముందే గుర్తుపెట్టుకున్న చోట్లు ఒకదాని సరసన ఒకటి సరిగ్గా వస్తున్నాయా లేదా, అదొక్కటే చూస్తుంటారు. తాము తలకిందులుగా ఉన్నామన్నది కూడా వాళ్లకు ముఖ్యం కాదు. రోల్‌లో బయటి వైపున్న విమానం పెద్ద వలయం చుట్టాలి, లోపలిది చిన్న వలయం. అంటే ఒకరు ఇంజిన్ బలం పెంచుతున్న క్షణంలోనే ఇంకొకరు తగ్గిస్తుండాలి. అలా తగ్గిస్తూ పెంచుతూ, కింద నుంచి చూసేవాడికి ఒక్క ఇంచు కూడా కదలనట్టు కనబడాలి. లీడర్ చేతిలో కొంచెం తొందర ఉన్నా అది వెనకవాళ్ల దగ్గరికి చేరేసరికి రెట్టింపవుతుంది. అందుకే మంచి లీడర్ తిప్పే తిప్పుడు మెత్తగా, దాదాపు బద్ధకంగా ఉంటుంది. ఆ మెత్తదనాన్ని పట్టుకోగలిగిన ప్రేక్షకుడికి సూర్యకిరణ్ పూర్తిగా వేరే ప్రదర్శన. కానీ దాన్ని పట్టుకోవాలంటే ముందు ఇదంతా తెలిసుండాలి. సారంగ్ ఏమీ తెలియనివాడికి కూడా తన కష్టం చూపించగలదు. నా తీర్పు మొగ్గు అటు తిరగడానికి కారణం ఇదే.

సారంగ్‌లో లోపాలు లేవని అనను. దూరం నుంచి చూస్తే అది చిన్నబోతుంది. జెట్ మోతతో నిండిన చెవికి హెలికాప్టర్ చప్పుడు ఆనదు. బెంగళూరులో జరిగే ఏరో ఇండియాలాంటి షోలో సుఖోయ్ వెళ్లీ వెళ్లగానే సారంగ్ వస్తే సగంమంది నీళ్ల సీసాల కోసం లేస్తారు. పైగా ఒకదాన్నొకటి దాటుకునే విన్యాసాలు నాలుగైదు రకాలున్నా కొత్త కంటికి అన్నీ ఒకేలా తోస్తాయి. ఐదు హెలికాప్టర్లతో ఆకాశంలో పెద్ద ఆకారం కట్టడం కూడా కష్టం. తొమ్మిది విమానాల వజ్రం తలమీదుగా వచ్చినప్పుడు కలిగే నిండుదనం ఆ సంఖ్యకు రాదు.

రెండు జట్లకూ ఒక ఉమ్మడి బలహీనత ఉంది, అది పొగతో గీసే హృదయం బొమ్మ. వేడి ఇంజిన్ గొట్టంలోకి డీజిల్ పంపితే తెల్లటి పొగ వస్తుంది. దాంతో రెండు యంత్రాలు చెరో సగం గీస్తాయి, మూడోది బాణంలా మధ్యలోంచి దూసుకుపోతుంది. జనం కేరింతలు కొడతారు, ఫోన్లన్నీ పైకి లేస్తాయి. కానీ ఆ నిమిషంలో మనం విమానాన్ని చూడటం మానేసి బొమ్మను చూస్తుంటాం. ఎగరడంలో ఉన్న అందం పొగ గీతకు లొంగిపోతుంది. గాలి కాస్త ఎక్కువగా ఉంటే బొమ్మ పూర్తయ్యేలోపే ఒక చెంప చెదిరిపోతుంది కూడా. పొగ అసలు పని వేరు. విమానం నడిచిన దారిని మన కంటికి కాసేపు నిలిపి చూపడానికి అది కావాలి. లూప్ గుండ్రంగా వచ్చిందా, కోలగా వచ్చిందా అని తేల్చేది ఆ పొగే. తప్పు దాచుకోవడానికి వీల్లేకుండా తమ దారిని తామే గీసి చూపే ఈ నిజాయితీ నాకెంతో ఇష్టం. హృదయం బొమ్మ తీసేసి ఆ సమయాన్ని ఇంకో లూప్‌కిస్తే రెండు ప్రదర్శనలూ బాగుపడతాయి.

చోటు గురించి ఎయిర్ షో సమీక్షల్లో ఎవరూ రాయరు. 2024 డిసెంబరు 8న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద సూర్యకిరణ్ తొమ్మిది హాక్‌లతో ఎగిరింది. వేలమంది ట్యాంక్‌బండ్ మీదికి చేరారు. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పు గట్టు. సాయంత్రం అక్కడ నిలబడి నీళ్ల వైపు చూస్తే సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. విమానాల ఎరుపు, తెలుపు కనబడవు. నల్లటి ఆకారాలే మిగులుతాయి. అదే అవతలి గట్టున, నెక్లెస్ రోడ్డు వైపు ఉన్నవాళ్లకు ఎండ వీపు మీద పడుతుంది, రంగులన్నీ మెరుస్తాయి. విచిత్రమేమిటంటే, సూర్యకిరణ్‌కు ఎదురెండ మరీ అంత నష్టం చేయదు. దాని అందం ఆకారంలో ఉంది, విమానాల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో నల్లటి నీడల్లోనే తేటగా తెలుస్తుంది. వెనక నుంచి వెలుగు పడ్డ పొగ కూడా అంచుల్లో బంగారు రంగు పులుముకుంటుంది. అదే సారంగ్‌ను ఎదురెండలో పెడితే సగం చచ్చిపోతుంది. దాని ముక్కు ఎత్తడం, ఒళ్లు వాల్చడం, రెక్కల పళ్లెం ఒరగడం కనబడాలంటే వెలుగు ముందు నుంచి పడాలి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌ల సందర్భంగా రెండు జట్లూ ఒకే పూట ఎగిరిన సందర్భాలున్నాయి. ఈ తేడా తెలుసుకోవాలంటే అలాంటి పూట ఒక్కటి చాలు.

ఇంత మాట్లాడి ప్రాణాల సంగతి ఎత్తకపోతే ఈ పోలికకు విలువ లేదు. 2007 ఫిబ్రవరిలో ఏరో ఇండియా ముందు బెంగళూరు యలహంకలో సాధన చేస్తుండగా సారంగ్ హెలికాప్టర్ కూలి స్క్వాడ్రన్ లీడర్ ప్రియే శర్మ చనిపోయారు. అదే యలహంకలో 2019 ఫిబ్రవరి 19న, ప్రదర్శన మొదలవడానికి ఒక రోజు ముందు, రెండు హాక్‌లు ఢీకొని సూర్యకిరణ్ పైలట్ వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణాలు కోల్పోయారు. మన హైదరాబాద్‌కు ఇంకా దగ్గరి గాయం ఒకటుంది. 2010 మార్చి 3న బేగంపేటలో జరిగిన ఎయిర్ షోలో నౌకాదళపు సాగర్ పవన్ జట్టు కిరణ్ విమానం ఒకటి బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద కూలింది. అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు. ఆ జట్టు అక్కడితో ఆగిపోయింది. ఐదు మీటర్ల ఎడం అని మైకులో చెప్పినప్పుడు మనం చప్పట్లు కొట్టే ఆ అంకె వెనక ఇన్ని ఇళ్ల శోకం ఉంది. జెట్ల విన్యాసాలు జనావాసాల మీద కాకుండా నీళ్ల మీదో, ఖాళీ మైదానం మీదో జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ లెక్కన హుస్సేన్‌సాగర్ బేగంపేట కంటే నయమే అయినా, తొమ్మిది జెట్లు తిరిగి రావడానికి చుట్టాల్సిన మేర ఆ చెరువు కన్నా చాలా పెద్దది. చుట్టూ నగరమే. హెలికాప్టర్ల జట్టుకైతే చెరువు గట్టు దాటాల్సిన పని దాదాపు ఉండదు.

కింద నిలబడ్డవాళ్ల క్షేమం కూడా ప్రదర్శనలో భాగమే. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో వైమానిక దళ ప్రదర్శన చూడటానికి లక్షలమంది వచ్చారు. నడినెత్తిన ఎండ. ఆ ఎండకు, రద్దీకి తాళలేక ఐదుగురు చనిపోయారు. పైన అంత కచ్చితంగా సెకన్లు లెక్కపెట్టి ఎగిరే దేశంలో కింద నీళ్లు, నీడ, బయటికి పోయే దారి లెక్కపెట్టలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అలాంటి షోలు సాయంత్రాలకు మార్చాలి. నడిమధ్య చోటు మీద అంతగా ఆధారపడని సారంగ్‌లాంటి ప్రదర్శనలకు ఎక్కువ సమయం ఇస్తే జనం కూడా ఒకే చోటికి ఎగబడకుండా తీరం పొడవునా పరుచుకుంటారు.

2025 ఫిబ్రవరి ఏరో ఇండియాలో సారంగ్ లేదు. అంతకు ముందు నెల పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలడంతో ధ్రువ్‌లన్నిటినీ నేల మీదే ఉంచారు. అది సరైన నిర్ణయమే. యంత్రం మీద అనుమానం ఉన్నప్పుడు ప్రదర్శన కోసం పైలట్లను పైకి పంపకూడదు. కానీ ఆ ఏడాది షోను సారంగ్ ఉన్న పాత షోలతో పోల్చుకుంటూ చూసినవాళ్లకు ఒక సంగతి అర్థమై ఉంటుంది. వరసపెట్టి వచ్చిపోయే జెట్ల మోతల నడుమ కళ్లకూ చెవులకూ కాస్త ఆగి చూసే అవకాశమిచ్చే ఘట్టం లేకుండా పోయింది. అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 ఒకే చోటికి వచ్చిన షో అది. అయినా ఆ వెలితి తీరలేదు.

వ్యాఖ్యానం విషయంలో రెండు జట్లకూ ఒకటే విన్నపం. నేను విన్న ప్రదర్శనల్లో మైకు హిందీ, ఇంగ్లిషు దాటి రాలేదు. అందులోనూ విశేషణాలే ఎక్కువ. అద్భుతం, అపూర్వం అని చెప్పే బదులు ‘ఎడమ వైపు చెట్ల మీద చూడండి, రెండు దీపాలు కనబడతాయి’ అని తెలుగులో ఒక్క ముక్క చెబితే పిల్లాడి చూపు సరైన చోటికి వెళ్తుంది. లీడర్ ఏం చూస్తున్నాడో, పక్కవాడు ఏం చూస్తున్నాడో రెండు మాటల్లో వివరిస్తే సూర్యకిరణ్‌లో దాగిన విద్య జనానికి అందుతుంది. ఆ పని చేస్తే ఇప్పుడు నేను సారంగ్ వైపు వేసిన మొగ్గులో కొంత వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది, సంతోషంగా తీసుకుంటాను.

సూర్యకిరణ్‌ను హుస్సేన్‌సాగర్ మీదికి పిలిచినట్టే సారంగ్‌నూ పిలవాలి, కాకపోతే ఎక్కువమందికి నెక్లెస్ రోడ్డు వైపు చోటివ్వాలి. అంతకన్నా మంచి చోటు విశాఖ ఆర్కే బీచ్. అక్కడ సముద్రం తూర్పున ఉంది, సాయంత్రం ఎండ జనం వీపు మీద పడుతుంది, తీరం పొడవునా ఎవరి ముందు వాళ్లకు ఆకాశం ఉంటుంది. నేవీ విన్యాసాలప్పుడు ఆ తీరంలో వేలమందిని సర్దిన అనుభవం అక్కడి యంత్రాంగానికి ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ ఒక పక్కన నిలబడి ఉంటుంది కాబట్టి హెలికాప్టర్ ఎంత ఎత్తులో ఉంది, ఎంత మెల్లగా జారుతోందన్నది కంటికి కొలతతో సహా తెలుస్తుంది. ఐదు ధ్రువ్‌లు ఆ నీళ్ల మీద పావుగంట ఆడితే, పూర్ణం బూరె ఏదో అప్పడం ఏదో విశాఖ జనమే తేలుస్తారు.